కుంపటి మీద పీచ్ కాబ్లర్: నా అనుభవం

మా ఇంట్లో ఓవెన్ లేదు. కొనాలని ఎప్పుడూ అనిపించలేదు కూడా. అయినా పీచ్ కాబ్లర్, అంటే పీచ్ పళ్ళూ పిండీ వెన్నా వేసి కాల్చే అమెరికా తీపి వంట, మా పెరట్లో చక్కగా కుదురుతోంది. ఓవెన్ లేదన్న ఒక్క కారణంతో ఇలాంటి వంటలు మనవి కావని వదిలేసేవాళ్ళు మా చుట్టాల్లోనే చాలామంది ఉన్నారు. అసలు ఈ వంట పుట్టిందే ఓవెన్ లేని వాళ్ళ చేతుల్లో. ఆ సంగతి తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. వాళ్ళకీ రావాలనే ఇదంతా రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. గజపతి జిల్లాకి ముఖ్యపట్టణం. సరిహద్దు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు మా ఊరు ఒడిశాలోకి వెళ్ళింది. ఇంట్లో తెలుగు, వీధిలో రెండు భాషలూ, సంతకి కొండ మీద నుంచి సవర వాళ్ళు వస్తే మూడోదీ వినిపిస్తుంది. గిడుగు రామ్మూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాసింది ఇక్కడ ఉండగానే. ఇదంతా వంటకి సంబంధం లేని మాటే అనుకోండి, కానీ మా ఊరి పేరు ఎత్తితే ఆయన పేరు ఎత్తకుండా ఉండలేను.

కాబ్లర్ నేను మొదట తిన్నది అట్లాంటాలో, మా అమ్మాయి పురిటికి వెళ్ళినప్పుడు. మంచి చలికాలం. పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది, బాలింతకి పెట్టమని గాజు పళ్ళెంలో వేడివేడిగా తెచ్చి ఇచ్చింది. ఆ జార్జియా రాష్ట్రం పీచ్ పళ్ళకి పేరుపడింది, కార్ల నంబరు ప్లేట్ల మీద కూడా పీచ్ బొమ్మ ఉంటుంది. కానీ తాజా పళ్ళు దొరికేది ఎండాకాలంలోనే. మిగతా కాలమంతా అక్కడివాళ్ళు కూడా డబ్బా పళ్ళతోనే చేసుకుంటారు. ఆవిడ ఆ మాట చెప్పేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. తాజా పీచ్ మా ఊళ్ళో ఎక్కడ దొరుకుతుంది? డబ్బా అయితే విశాఖపట్నంలో ఏ పెద్ద సూపర్ మార్కెట్‌కి వెళ్ళినా ఉంటుంది.

కొలతలు ఆవిడ వేళ్ళ మీద చెప్పేసింది. కప్పు పిండి, కప్పు పంచదార, కప్పు పాలు, అర కప్పు వెన్న, పెద్ద డబ్బా పళ్ళు. బేకింగ్ పౌడరు రెండు చెంచాలు, ఉప్పు చిటికెడు. ఎక్కడా గుడ్డు లేదు. కాగితం మీద రాసుకోవాల్సిన అవసరమే రాలేదు.

ఈ వంట కథ కూడా ఆవిడే చెప్పింది. ఇంగ్లండు నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడ్డ తొలి తరాల వాళ్ళకి, సొంత దేశంలో చేసుకునే పుడ్డింగులకి కావలసిన సరంజామా కొత్తచోట దొరకలేదు. అందుకని దొరికిన పండు గిన్నెలో వేసి, పైన పిండి ముద్దలు పరిచి, మూతపెట్టి నిప్పుల మీద ఉడికించుకున్నారు. తర్వాత బళ్ళు కట్టుకుని పడమటికి వలస వెళ్ళినవాళ్ళు మందపాటి పోత ఇనుము గిన్నెలు వెంట తీసుకెళ్ళారు. వాటికి కింద మూడు కాళ్ళు ఉంటాయి, మూతకి చుట్టూ అంచు ఉంటుంది. కాళ్ళు కింద నిప్పులు పెట్టడానికి, అంచు పైన పోసిన నిప్పులు జారిపోకుండా ఉండటానికి. దాన్నే డచ్ ఓవెన్ అంటారు. ఇప్పటికీ అక్కడ అడవుల్లో క్యాంపులకి వెళ్ళేవాళ్ళు కాబ్లర్ అలాగే చేస్తారట.

మూత మీద నిప్పులు అనగానే నాకు మా పక్కింటి మావుసి గుర్తొచ్చింది. ఒడియా వాళ్ళు. తల్లికి చెల్లెలి వరస, మా వీధిలో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. ఆమె చేసే ఛెనాపోడ తినని ఇల్లు మా వీధిలో లేదు. పాలు విరగ్గొట్టి తీసిన ఛెనాలో పంచదార, కొంచెం రవ్వ, యాలకులు, జీడిపప్పు కలిపి, సాల ఆకుల్లో చుట్టి, గిన్నెలో పెట్టి, కింద కుంపటి, మూత మీద బొగ్గులు. పంచదార కరిగి అంచులు ముదురు గోధుమ రంగుకి వచ్చేదాకా వదలదు. ఎక్కడో సముద్రాల అవతల డచ్ ఓవెన్ చేసే పనే మా గోడ అవతల ఎప్పటినుంచో జరుగుతోంది.

ఊరికి వచ్చాక ఆమెని అడిగాను, "మావుసీ, పళ్ళూ పిండీ కలిపి నీ ఛెనాపోడ కుంపటి మీద పెడితే ఉడుకుతుందా?" అని.

"పైన నిప్పుంటే ఏదైనా ఉడుకుతాదమ్మా," అంది. "కిందనే పెట్టేవనుకో, అడుగు మాడతాది, పైన తెల్లగా ఉండిపోతాది. కిందకంటే పైనే ఎక్కువ ఉండాల."

ఇంతకంటే ముఖ్యమైన మాట ఇంకోటి లేదు. కింద నుంచి వచ్చే వేడి నేరుగా గిన్నె అడుగుకి తగులుతుంది, అందుకని కొంచెమే చాలు. పైనుంచి వచ్చేది మధ్యలో గాలిని దాటి రావాలి, అందుకని ఎక్కువ కావాలి. నేను లెక్కగా చేసేది ఏమిటంటే, కింద ఎన్ని బొగ్గులు పెడతానో పైన దానికి రెట్టింపు.

ఇక గిన్నె సంగతి. ప్రెషర్ కుక్కర్లో విజిల్, రబ్బరు తీసేసి కేకు చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను కుక్కర్ వాడను. నీళ్ళు లేకుండా ఎక్కువసేపు వేడిచేస్తే అడుగు పాడవుతుంది, పైగా ప్లాస్టిక్ పిడి ఉన్న మూత మీద నిప్పులు పెట్టలేం. మందపాటి అల్యూమినియం గుండిగ ఒకటి, దానికి మూతగా సరిపోయే పాత ఇనప పెనం ఒకటి ఉంటే చాలు. పెనానికి చుట్టూ అంచు ఉంటుంది కాబట్టి బొగ్గులు జారవు. గుండిగ అడుగున రెండు వేళ్ళ మందం ఇసుక పోస్తాను. మహేంద్రతనయ ఏటి ఇసుక, కడిగి ఎండబెట్టి డబ్బాలో దాచుకున్నది. ఇసుక మీద ఇనప రింగు, ఆ రింగు మీద ఎనిమిది అంగుళాల కేకు గిన్నె. ఇసుక వేడిని పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతుంది, కుంపటి మంట ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ అయినా గిన్నెకి ఆ తేడా అంతగా తెలియదు.

బొగ్గులు మా వీధి చివర ఇస్త్రీ బండి అతన్ని అడిగితే ఇస్తాడు. ఒక్క జాగ్రత్త: బొగ్గుల పని పెరట్లోనే, గాలి ఆడేచోటే. తలుపులు మూసిన వంటింట్లో కుంపటి పెట్టకూడదు. ఆ పొగలో విషవాయువు ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు.

డబ్బా కొనేటప్పుడు ఉబ్బినదీ, అంచు దగ్గర సొట్టపడినదీ తీసుకోకండి. నేను తీసుకునేది 820 గ్రాములది, సగాలుగా కోసిన పళ్ళు పంచదార పాకంలో ఉంటాయి. మూత తీసి జల్లెడలో వంచేస్తే పళ్ళ బరువు డబ్బాలో సగానికి కాస్త పైన ఉంటుంది, మిగతాదంతా పాకమే. ఆ పాకం పారబోయకండి. పళ్ళు ముట్టుకుంటే నున్నగా, పసుపు పచ్చగా, గట్టిగా ఉంటాయి. ఉడికించిన పండు ఇంత గట్టిగా ఎలా ఉంటుందని నాకు ఆశ్చర్యం వేసేది. డబ్బాలకి వాడేది ఎక్కువగా గింజని వదలని రకం పీచ్ అట. చేత్తో విప్పుకు తినడానికి అది అంత వీలుగా ఉండదు గాని, దాని కండ గట్టిది, పాకంలో మరిగినా చెదిరిపోదు. ఒక్కో సగాన్ని మూడు ముక్కలుగా కోసుకుంటే సరిపోతుంది. మరీ సన్నగా కోస్తే పిండిలో కలిసిపోయి పండు తిన్నట్టే ఉండదు.

పంచదార దగ్గర అట్లాంటా లెక్క నేను మార్చాను. కప్పు నిండా వేస్తే మన నోటికి తీపి ఎక్కువవుతుంది, పళ్ళు ముందే పాకంలో నాని ఉన్నాయి కదా. అరకప్పు మీద కొంచెం చాలు. వెన్న అమూల్ వంద గ్రాముల ప్యాకెట్టు మొత్తం. అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి విడిగా వేసే ఉప్పు మానేశాను. ఇంట్లో తీసిన వెన్న అయితే చిటికెడు వెయ్యాల్సిందే, ఉప్పు లేకపోతే తీపి చప్పగా ఉంటుంది. అక్కడివాళ్ళు దాల్చినచెక్క పొడి, జాజికాయ వేస్తారు. నేను జాజికాయ ఒక్కటే వేస్తాను, అప్పటికప్పుడు తురిమి. దాల్చినచెక్క వాసన వస్తే మా అత్తగారికి పులావు గుర్తొస్తుంది.

బేకింగ్ పౌడరు బదులు వంటసోడా వేస్తే కుదురుతుందా అని మా తోడికోడలు అడిగింది. కుదరదు. సోడా పొంగాలంటే పులుపు కావాలి, ఈ పిండిలో పాలే తప్ప పెరుగు లేదు. బేకింగ్ పౌడర్లో సోడాతో పాటు ఆ పులుపు కూడా పొడి రూపంలో కలిపే ఉంటుంది. తడి తగిలినప్పుడు కొంత, వేడి తగిలినప్పుడు కొంత పొంగుతుంది. ఉట్టి సోడా వేస్తే పిండి సబ్బు వాసన వస్తుంది.

అన్నీ సర్దుకున్నాక ముందు కుంపటి రాజేసి, గుండిగలో ఇసుక వేడెక్కనిస్తాను. పెనం మీద కూడా బొగ్గులు పెట్టి పావుగంట వదిలేస్తాను. ఈలోగా మైదా, పంచదార, బేకింగ్ పౌడరు కలిపి, పాలు పోసి గరిటెతో తిప్పుతాను. అట్ల పిండి జారుడు రావాలి, అంతే. ఎక్కువసేపు గిలక్కొడితే సాగుడు వచ్చి గట్టిపడుతుంది. చిన్న చిన్న ఉండలు మిగిలినా ఫరవాలేదు, ఉడికేటప్పుడు కరిగిపోతాయి.

ఇప్పుడు అసలు ముచ్చట. కేకు గిన్నెలో వెన్న మొత్తం వేసి, వేడెక్కిన గుండిగలోకి దించుతాను. నాలుగైదు నిమిషాల్లో వెన్న కరిగి, నురగ కట్టి, చిటపటమంటుంది. అప్పుడు పిండిని మధ్యలో నుంచి నెమ్మదిగా పోయాలి. పోస్తుంటే పిండి కిందకి దిగుతుంది, కరిగిన వెన్న పక్కలకి జరిగి, గిన్నె అంచుల వెంట పసుపు వలయం కట్టి, కొంత పిండి మీదకి కూడా ఎక్కుతుంది. చూసిన ఎవరికైనా చెయ్యి ఊరుకోదు, గరిటె పెట్టి కలిపేయాలనిపిస్తుంది. కలపకూడదు. ఆ వెన్న అలా విడిగా ఉంటేనే పిండి అంచులు అందులో వేగి కరకరలాడతాయి. దాని మీద పీచ్ ముక్కలు ఒక్కొక్కటే పరచాలి. పైన మూడు నాలుగు చెంచాల పాకం చిలకరించాలి. అప్పుడు కూడా కలపకూడదు. పళ్ళు బరువుకి కిందకి దిగుతాయి, పిండి పొంగి వాటి పక్కల నుంచి పైకి వచ్చి కప్పేస్తుంది. పళ్ళు పైన పెట్టామే, పిండి కింద పోశామే, ఉడికేసరికి రెండూ చోట్లు మార్చుకుంటాయి. ఒకసారి మా మనవరాలికి చూపిద్దామని మధ్యలో మూత ఎత్తాను. సరిగ్గా అప్పుడే ఒక ముక్క చుట్టూ పిండి బుడగలు వస్తూ, దాని అంచు మీదకి పాకుతోంది. పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది.

అలా ముచ్చటకి ఎత్తడం తప్పితే మొదటి అరగంట మూత జోలికి వెళ్ళకపోవడమే మంచిది. లోపలి వేడి ఒక్కసారిగా పోతుంది, పైగా బూడిద గిన్నెలో రాలుతుంది. ఎత్తాల్సి వస్తే పట్టకారుతో పెనాన్ని తిన్నగా పైకి లేపి, వంచకుండా పక్కకి జరపాలి. పైన బొగ్గులు తెల్లబడి నీరసిస్తే విసనకర్రతో నాలుగు విసురులు విసిరి, రెండు కొత్తవి వేస్తాను. బూడిద మందంగా పేరుకుంటే వేడి కిందకి దిగదు, దాన్ని మెల్లగా పక్కకి తోసేయాలి.

ఓవెన్ ఉన్నవాళ్ళకి 180 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు. నా కుంపటి మీద దాదాపు గంట పడుతుంది. గడియారం కంటే ముక్కునే నమ్ముతాను. ముందు పాల వాసన వస్తుంది, తర్వాత వెన్న కాగిన వాసన, చివర్లో పంచదార మాడబోతున్నట్టు ఒక ఘాటు. ఆ ఘాటు మొదలైందంటే మూత తియ్యాలి. పైన అంతా బంగారు రంగు, అంచుల దగ్గర ఇంకాస్త ముదురు, మధ్యలో పాకం చిక్కటి బుడగలు వేస్తూ కనిపిస్తుంది. పిండి ఉన్నచోట ఈనెపుల్ల గుచ్చితే తడి అంటకూడదు. పండు ఉన్నచోట గుచ్చితే ఎప్పటికీ తడే వస్తుంది, దాన్ని చూసి ఇంకా ఉడకలేదని మళ్ళీ పెట్టెయ్యకండి.

బయటికి తీశాక ఇరవై నిమిషాలు ఆగాలి. ఇది అందరికీ కష్టమే. కానీ అప్పటికప్పుడు తీస్తే పాకం నీళ్ళగా కారిపోతుంది, ఆగితే చిక్కబడి పిండిని పట్టుకుంటుంది. అక్కడ ఐస్‌క్రీం పెట్టుకుని తింటారు. మా ఇంట్లో చల్లటి మీగడ. వేడి పండు మీద చల్లటి మీగడ కరిగి కిందకి జారుతుంటే ఐస్‌క్రీం ఎవరికీ గుర్తు రాదు. పైన పలాస జీడిపప్పు వేయించి చల్లితే ఇంకా బాగుంటుంది.

మా అత్తగారు చెయ్యి చాపే ముందు అడిగిన మొదటి మాట, "ఏటమ్మా, గుడ్డు వెయ్యలేదు గదా?" అని. మార్గశిరంలో గురువారాలు ఆవిడకి లక్ష్మీపూజ. ఒడియా ఇళ్ళల్లో మాణబసా అంటారు, మా వైపు తెలుగువాళ్ళం కూడా చేస్తాం. ఆ రోజు నీచు ఇంట్లోకే రానివ్వరు. గుడ్డు లేదని చెప్పాక ఒక ముక్క తిని, అంచు ముక్క ఇంకోటి అడిగి పెట్టించుకున్నారు. మావుసికి గోడ మీద నుంచి ఒక గిన్నె అందించాను. తిని, "ఆకులో చుట్టాల్సింది" అంది. ఆ మాట నిజమే. తర్వాత నుంచి కేకు గిన్నె లోపల సాల ఆకులు పరిచి, వాటి మీద వెన్న వేస్తున్నాను. అడుగు అంటుకోదు, పిండికి ఆ పచ్చి ఆకు కాలిన వాసన పడుతుంది. సాల ఆకులు సంతలో సవర ఆడవాళ్ళ దగ్గర దొరుకుతాయి. అట్లాంటా పెద్దావిడకి ఫోటో పంపమని మా అమ్మాయికి చెప్పాను. ఆవిడ ఆకు గురించే అడిగిందట, తినొచ్చా అని.

పీచ్ లేనప్పుడు వేరే పళ్ళతో చెయ్యొచ్చా అంటే, చెయ్యొచ్చు, కానీ అన్నీ ఒకటి కాదు. సువర్ణరేఖ మామిడితో చేశాను, ఉడికితే దాని వాసన సగం పోయింది. అంత మంచి పండుని నిప్పుల మీద పెట్టడం నా ఉద్దేశంలో అన్యాయం, కోసుకు తినేయడమే దానికి మర్యాద. మా కొండల మీద పండే అనాస మాత్రం దీనికి పుట్టిందే. కాకపోతే అందులో నీరు ఎక్కువ. ముక్కలకి పంచదార చల్లి, పొయ్యి మీద నీరు ఇగిరేదాకా ఒకసారి వేయించి, ఆ తర్వాత వాడాలి. పచ్చిది పచ్చిగానే వేస్తే కింద పిండి ఉడకదు.

అపార్ట్‌మెంటుల్లో ఉండేవాళ్ళకి కుంపటి కుదరదు, వాళ్ళ కోసం ఇది. అదే గుండిగ, అదే ఇసుక, గ్యాస్ మీద సన్నని సెగలో 50 నిమిషాలు. పైన మామూలు మూత. పిండి పూర్తిగా ఉడుకుతుంది గాని పైన రంగు రాదు. అందుకని ఆఖర్లో ఇంకో పొయ్యి మీద ఇనప పెనం పొగలు వచ్చేదాకా కాల్చి, దాన్నే మూతగా బోర్లించి పది నిమిషాలు ఉంచాలి. చల్లారితే మళ్ళీ కాల్చి పెట్టాలి. బొగ్గులంత రంగు రాకపోయినా, పైన పొర గట్టిపడి గోధుమరంగు పడుతుంది. విశాఖలో మా మరదలు ఇలాగే చేస్తోంది.

మిగిలితే మర్నాటికి ఫ్రిజ్‌లో ఉంటుంది. తినేముందు పెనం మీద సన్నని సెగన మూతపెట్టి వేడిచేస్తే అంచులు మళ్ళీ గట్టిపడతాయి. మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడిపోతాయి. డబ్బాలో మిగిలిన పాకాన్ని ఆ డబ్బాలోనే ఉంచకుండా గాజు సీసాలోకి వంచేసి, నిమ్మరసం, చల్లటి నీళ్ళు కలిపితే పిల్లలకి షర్బత్. మా ఇంట్లో దాని కోసమే డబ్బా ఎప్పుడు తెరుస్తానా అని చూస్తుంటారు.